కొలత తప్పిన రేయాన్ చొక్కా

విశాఖపట్నం,
11 ఫిబ్రవరి 1979.

బావ శ్రీరామ్మూర్తికి వరహాలు రాయునది.

నీ ఉద్యోగం పర్మనెంటు అయిందని తెలిసి మీ అక్క కాశమ్మ వీధి వీధంతా పంచదార పంచింది. నేనూ ఒక చిటికెడు నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉంది. కానీ నిజం చెప్పొద్దూ, లోపల కుళ్ళుగా కూడా ఉంది. ఇద్దరం ఒకేరోజు, ఒకే పెన్నుతో దరఖాస్తులు నింపాం. నిన్ను పిలిచారు, నన్ను పిలవలేదు. నువ్వు రేయాన్ ఫ్యాక్టరీలో నీడపట్టున నిలబడి దారం తీస్తున్నావు. నేను పోర్టులో క్రేను గూట్లో కూర్చుని బొగ్గుపొడి మింగుతున్నాను.

మొన్న మా బెర్తుకి కెనడా నుంచి ఓడ వచ్చింది. నిండా తెల్లటి అట్టల బేళ్ళు. ఏమిటివి అంటే చెట్ల గుజ్జు, రేయాన్ ఫ్యాక్టరీలకు పోతుంది అన్నారు. ఒక్కో బేలూ లేపుతూ 'ఇది మా బావ దగ్గరికే' అనుకుంటూ పళ్ళు నూరాను. చిరిగి పడిన అట్టముక్క ఒకటి ఇంటికి తెచ్చి తాయారుకి చూపించాను. తిరగేసి మరగేసి చూసి, "ఇందులోంచి సీర ఎలాగొస్తాది అన్నియ్యా?" అంది. నాకేం తెలుసు? నువ్వే రాయి.

నీకు క్వార్టర్సు ఇచ్చేదాకా మా చెల్లి తాయారు ఇక్కడ హాయిగా ఉంటుంది. దిగులు పెట్టుకోకు. మనది కుండమార్పు సంబంధం, మీ అక్క నా ఇంట్లో, నా చెల్లి నీ చేతిలో. నువ్వు దాన్ని ఏడిపిస్తే రివాజు ప్రకారం నేనిక్కడ దీన్ని ఏడిపించాలి. దీన్ని ఏడిపిస్తే నాకు అన్నం పెట్టేదెవరు? అంచేత నా కడుపు నీ మంచితనం మీద ఆధారపడి ఉందని మర్చిపోకు.

బొగ్గుపొడిలో ఉన్న నీ బావ,
వరహాలు.


రేయాన్ కాలనీ,
18 మార్చి 1979.

బావా,

కుళ్ళుకుంటే కుళ్ళుకున్నావు గానీ, అడిగావు కాబట్టి చెబుతున్నాను. తాయారుకి చదివి వినిపించు.

నువ్వు లేపిన అట్టల్ని ఇక్కడ కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడతారు. పిండేసి తురిమితే అచ్చం కొబ్బరికోరు. దాన్ని కొన్నాళ్ళు ఊరనిచ్చి, మూసిపెట్టిన పెద్ద పీపాల్లో వేసి తిప్పుతూ ఒక మందు పోస్తారు. సీఎస్‌టూ అంటారు దాన్ని. కుళ్ళిన ముల్లంగి వాసన. అది తగలగానే తెల్లకోరు కాస్తా నారింజ రంగుకి తిరుగుతుంది. మళ్ళీ సోడా నీళ్ళలో కలిపితే తేనెలాంటి పాకం. ఆ పాకం ముగ్గాలి, వడగట్టాలి. అక్కణ్ణించి నా పని. జంతికల గొట్టం తెలుసుగా? అలాంటిదే, వేలికి తొడుక్కునేటంత టోపీ. దాని చిల్లులు కంటికి ఆనవు. అందులోంచి పాకాన్ని యాసిడ్ తొట్టిలోకి తోస్తే పడ్డచోటే గట్టిపడి దారమైపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని నిలబడిపోయాను, మేస్త్రీ కేకలేశాడు.

నైలాను మాట వేరు. అది రాతినూనెలోంచి, అదే పెట్రోలు చమురులోంచి వచ్చే సరుకు, చెమట పీల్చదు. మాది చెట్టు సరుకు. పత్తిలో ఏ పదార్థం ఉందో ఇందులోనూ అదే ఉంది, అందుకే ఒంటికి చల్లగా ఉంటుంది, రంగు బాగా పట్టుకుంటుంది. చూపుకి పట్టులా ఉంటుంది గానీ ఒక పోగు కాల్చి చూడు, కాగితం కాలిన వాసన. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది.

మా ఫ్యాక్టరీ షాపులో రెండు చీరలు తీసి పంపిస్తున్నాను. నీలం అక్కకి, చిలకపచ్చ తాయారుకి.

నాకూ కుళ్ళుంది బావా. నువ్వు డ్యూటీ దిగి ఇంటికి పోయి తాయారు వండిన చేపల పులుసు తింటావు. నేను మెస్సులో బంగాళాదుంప తింటాను. దాని పెళ్ళి నాతో అయిందో, నీతో ఉండడానికి అయిందో అర్థం కావడం లేదు.

దారం తీసే
శ్రీరామ్మూర్తి.


విశాఖపట్నం,
9 జూన్ 1979.

బావకి,

కాగితం మీద పెట్టకూడదనుకున్నాను. మీ అక్క పెట్టమంటోంది.

నువ్వు పంపిన నీలంచీర చిరిగిపోయింది. కట్టింది ముచ్చటగా రెండుసార్లు. చుట్టుపక్కల అమ్మలక్కలంతా ముట్టుకుని చూసి మురిసిపోయారు. మొన్న చాకిరేవు బండ మీద రెండు దెబ్బలు వేసిందో లేదో నిలువునా పర్రున చిరిగింది. తాయారు పచ్చచీర మాత్రం చెక్కుచెదరలేదు. కాశమ్మ ఆ చిరుగు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, "పెళ్ళానికి మేలురకం కొన్నాడు, తోడబుట్టినదానికి సిరిగిపోయేది పంపీసేడు. సూసేరా ఆడి బుద్ది!" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పింది.

నేను సర్దిచెప్పాలి కదా? చెప్పలేదు. మా ఆవిడ నోట పొద్దస్తమానం 'మా తమ్ముడు, మా తమ్ముడు' తప్ప ఇంకో మాట రాదు. నేను ఓడంత బరువు లేపినా దానికి ఆనదు. ఒక్కపూట నీ పేరు కిందపడితే నాకు కాస్త చల్లగా అనిపించింది. అంతే.

తాయారు ఊరికే కూర్చోలేక పాతూళ్ళో జిలానీ బాషా గారి ఇంట్లో కుట్టుపని నేర్చుకుంటోంది. ఆయన దర్జీ. ఆయన భార్య సర్దార్ బీ ఆడవాళ్ళకి నేర్పుతుంది. మీ ఫ్యాక్టరీ రకం శాటిన్లే ఎక్కువ వస్తాయిట, బురఖాలకీ లోపలి గుడ్డలకీ. జారిపోయే గుడ్డ, కత్తెర కింద నిలవదు, అంచులు పోగులు పోతాయి అని తాయారు చెబుతూ ఉంటుంది.

జవాబు మీ అక్క పేర రాయి, నా పేర కాదు.

వరహాలు.


రేయాన్ కాలనీ,
2 జులై 1979.

బావా,

అక్క పేర ఏం రాయను? రంగే వేరు, రెండు చీరలూ ఒకే రకానివి. రేయాన్‌ని బండకేసి కొడతారా? తడిస్తే దాని బలం సగానికి సగం పోతుంది. నూలు తడిస్తే గట్టిపడుతుంది, ఇది మెత్తబడుతుంది. నీళ్ళలో నానబెట్టి, చేత్తో నొక్కి, పిండకుండా నీడన పరుచుకోవాలి. తాయారుకి రాశాను, అది అలాగే చేసింది. అక్కకి చెప్పమని కూడా రాశాను. చెప్పలేదన్నమాట. ఎందుకు చెప్పలేదో దాన్నే అడుగు.

నాకు ఓపిక తగ్గింది. ఎవడేమన్నా కోపం వస్తోంది. దారం ఖాతా నుంచి నన్ను పీపాల ఖాతాకి వేశారు, మందు పోసేచోటికి. జీతం మీద గ్యాసు అలవెన్సు కూడా ఇస్తారు, కాబట్టి ఇది ప్రమోషనే అనుకో. డ్యూటీ దిగి బయటికొస్తే వీధి దీపాల చుట్టూ ఇంద్రధనుస్సులు కనిపిస్తున్నాయి. రంగురంగుల చక్రాలు. అందరికీ కనిపిస్తాయిట, అలవాటైపోతుంది అన్నారు.

ఆ జిలానీ బాషా ఇంట్లో మగవాళ్ళు ఎంతమంది ఉంటారు? తాయారుకి గుడ్డలు ఎవరు తెచ్చి ఇస్తారు? ఊరికే అడిగాను.

శ్రీరామ్మూర్తి.


విశాఖపట్నం,
30 సెప్టెంబరు 1979.

బావకి,

నీకేం బాబూ, వీధి దీపాలకి ఇంద్రధనుస్సులు కడుతున్నారు! మాకు ఇక్కడ దీపాలే వెలగడం లేదు. అలవెన్సు ఒకటి, ప్రమోషను ఒకటి, పైగా రంగుల చక్రాలు. ఆ ముక్క చదివిన దగ్గర్నించి రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు. కుళ్ళుతో చచ్చిపోతే నా దినం ఖర్చు నువ్వే పెట్టుకోవాలి.

చీర సంగతి తాయారుని అడిగాను. చెప్పిందిట. మీ అక్క వినిపించుకోలేదట. "మా తమ్ముడు పంపినదానికి నువ్వేటి నాకు సెప్పీది?" అందిట. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నేను మధ్యలో అన్నం గిన్నె అందించుకుంటున్నాను.

గుడ్డలు ఎవరు తెస్తారని అడిగావు. జిలానీ బాషా గారి తమ్ముడు నిసార్ తెస్తాడు, సైకిలు మీద. అరుగు మీద మూట పెట్టి, "కాశమ్మక్కా, మూట!" అని కేకేసి పోతాడు. మంచి కుర్రాడు. మొన్న నా లుంగీ చిరిగితే డబ్బులు పుచ్చుకోకుండా కుట్టించి తెచ్చాడు.

తాయారు నీకోసం చొక్కా కుట్టింది. దాని చేత్తో మొదటి మగవాడి చొక్కా. రేయాన్ గుడ్డే, లేత బిస్కెట్ రంగు. సర్దార్ బీ చూసి మెచ్చుకుని మడతల్లో అత్తరు చుక్క వేసింది. పార్సెల్ చేశాను. వేసుకుని ఫొటో దిగి పంపించమంది.

వరహాలు.


రేయాన్ కాలనీ,
4 నవంబరు 1979.

వరహాలు బావకి,

చొక్కా అందింది. వేసుకున్నాను. భుజాలు జారిపోతున్నాయి. ఛాతీ దగ్గర ఇంకొకడు దూరేంత వదులు. మెడ బొత్తాం పెట్టినా రెండు వేళ్ళు పడుతున్నాయి. అత్తరు వాసన.

నా పెళ్ళాం నా ఒంటి కొలత మర్చిపోయిందా? ఒక్కో చోట తప్పితే చేతకానితనం అనుకుంటాను. అన్నిచోట్లా ఒకే తీరున వదులుగా ఉంది, అంటే కొలత ఉంది. ఎవరిదో ఉంది. నాకంటే ఒళ్ళున్న మగవాడి కొలత. నిసార్ ఒళ్ళు ఎలా ఉంటుందో రాయి. దాచకుండా రాయి.

రాత్రిళ్ళు నిద్ర లేదు, పట్టినా పీడకలలు. నన్ను వెర్రివాణ్ణి చేసి మీరంతా నవ్వుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. లుంగీ ఉచితంగా కుట్టించాడని రాశావు. చెల్లెల్ని లుంగీకి అమ్మావన్నమాట.

శ్రీరామ్మూర్తి.


విశాఖపట్నం,
19 నవంబరు 1979.

శ్రీరామ్మూర్తీ,

ఈసారికి బావా అని రాయలేను. చేయి రావడం లేదు.

నీ ఉత్తరం నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. తాయారే విప్పింది. తనకి రాసిందనుకుంది. నేను వచ్చేసరికి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఏడవలేదు. పెట్టెలోంచి నీ పెళ్ళిచొక్కా తీసి నా ముందు పరిచి, "దీని కొలతే తీసేనన్నియ్యా. కుట్టుకుట్టుకీ దీనిమీదే పెట్టి సూసుకున్నాను. ఇంకెవుల్ని కొలిసేను?" అంది. నేను టేపు పెట్టి చూశాను. రవ్వంత తేడా లేదు.

ఫ్యాక్టరీ జీతం కళ్ళకి పొరలు కమ్మించింది నీకు. పెద్ద ఉద్యోగస్థుడివయ్యావు, ఇక పల్లెటూరి పెళ్ళాం నచ్చడం లేదు, వదిలించుకోవడానికి వంక వెతుకుతున్నావు. నాకు అర్థమైంది అదే. నేనే ఆ ఉద్యోగంలో ఉంటే నా చెల్లెల్లాంటి మనిషిని నెత్తిన పెట్టుకునేవాణ్ణి.

మీ అక్క ఆ ఉత్తరం విన్నాక తాయారుతో మాటలు కలిపింది. దానికి తలంటు పోసింది. ఇంట్లో ఇప్పుడు నీ పేరెత్తేవాళ్ళు లేరు. చేతనైతే సెలవు పెట్టి వచ్చి ముఖాన చెప్పు.

వరహాలు.


రేయాన్ కాలనీ,
14 మార్చి 1980.

బావా,

క్షేమంగా చేరాను. నెల్లాళ్ళు మీ ఇంట్లో ఉన్నాను, ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తాయారు ముఖం చూశాక నేను రాసింది నేనే రాశానా అనిపించింది. నిసార్‌తో కలిసి పూర్ణా మార్కెట్లో చేపలు కూడా కొన్నాను కదా. ఎంత బుద్ధి తక్కువ పని చేశాను!

రైల్లో చుట్టూ ఎవరూ లేకపోతే కాసేపు ఏడ్చాను. తాయారు కట్టి ఇచ్చిన పులిహోర పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రేపటినుంచి మళ్ళీ పీపాల ఖాతా.

అందరినీ అడిగానని చెప్పు.

మీ
శ్రీరామ్మూర్తి.


పోస్టుకార్డు
రేయాన్ కాలనీ, 22 మే 1980.

వరహాలుకి. నెల్లాళ్ళు నన్ను మభ్యపెట్టి పంపించారు. చేపల కొట్లో ఆ నిసార్ నన్ను చూసి ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. మీ చెల్లి నాకు అక్కర్లేదు. కుండమార్పు కుండమార్పే. నా అక్కని నాకు పంపించెయ్యి. ఇకమీద మనకి చుట్టరికం లేదు. శ్రీరామ్మూర్తి.


విశాఖపట్నం,
8 జూన్ 1980.

బావా,

ఇలాంటివి కార్డు మీద రాస్తారటయ్యా? పోస్ట్‌మాన్ చదివాడు, అరుగు మీద కూర్చున్న పక్కింటి గంగాలమ్మ మనవడితో చదివించుకుంది, నేను ఇంటికొచ్చేసరికి వీధంతా చదివేసింది. నిసార్ మా వీధికి రావడం మానేశాడు. జిలానీ బాషా గారు నా ఎదురుగా వచ్చి పక్కకి తిరిగి వెళ్ళిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పోట్లాడదామనే కాగితం తీశాను. తాయారు పట్టుకుని ఆపింది. అది చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను. "ఆ సొక్కా ఇక్కడికొచ్చిన్నాడు సంచీలాగ వేలాడింది. ఎల్లిపోయిన్నాటికి సరీగ్గా సరిపోయింది. సొక్కాని నాను ముట్టుకోనేదు. ఈయనే సిక్కిపోయుండి, ఇక్కడ కోలుకున్నాడు. బుద్దీ అంతే అన్నియ్యా. వొచ్చిన్నాడు ఒక మనిసి, పదిరోజులు పోయేక ఇంకో మనిసి. మళ్ళీ అక్కడికెల్లి ఇలాగైపోయేడు. అక్కడేటో ఉంది."

దాన్ని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. నీ పాత ఉత్తరాలు కూడా పట్టుకెళ్ళాను. డాక్టరు గారు ఏదో రాసుకుంటూ వింటున్నారు. రేయాన్ ఫ్యాక్టరీ, పీపాల ఖాతా అనగానే పెన్ను కింద పెట్టేశారు. ఆ సీఎస్‌టూ ఆవిరి రోజూ పీలిస్తే నరాల మీద పనిచేస్తుందిట. ఒళ్ళు చిక్కిపోవడం, కాళ్ళ తిమ్మిర్లు, పీడకలలు, పట్టరాని కోపం, అయినవాళ్ళ మీదే అనుమానం, అన్నీ దానివల్ల రావచ్చుట. దీపాల చుట్టూ చక్రాలు కూడా అక్కడి గ్యాసులు కళ్ళని మండించడం వల్లేట. నేను దానిమీద నీతో వేళాకోళం ఆడాను.

మనిషిని ముందు అక్కణ్ణించి బయటికి తీసుకురమ్మన్నారు. బావా, ఉద్యోగం వదిలేసి వచ్చెయ్యి. కనీసం ఆ ఖాతా మార్పించుకో.

వరహాలు.


రేయాన్ కాలనీ,
1 జులై 1980.

వరహాలుకి,

ఎంత బాగా అల్లావు! డాక్టరు కూడా దొరికాడు నీకు.

నువ్వు రాసిన ప్రతి ముక్కా నా దగ్గర ఉంది. మొదటి ఉత్తరంలోనే లోపల కుళ్ళుగా ఉందని రాశావు. నా చీర చిరిగితే చల్లగా ఉందని రాశావు. నా ప్రమోషను వింటే అన్నం సయించలేదని రాశావు. 'నేనే ఆ ఉద్యోగంలో ఉంటే' అని కూడా రాశావు. ఇన్నాళ్ళూ ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు ఉద్యోగం వదిలెయ్యమంటున్నావు. నీకు రానిది నాకెందుకు ఉండాలి, అదేగా నీ బాధ?

ఈ ఖాతాలో నాతోపాటు చాలామంది ఉన్నారు. వాళ్ళంతా పెళ్ళాలని అనుమానిస్తున్నారా? ఎల్లాజీ అని మన శ్రీకాకుళం వైపు వాడే, మొన్న మేస్త్రీని ఇనపకడ్డీ పుచ్చుకుని తరిమాడు. మేస్త్రీ వాడి అన్నం డబ్బాలో ఏదో కలుపుతున్నాడట. వాడి దగ్గర రుజువుంది.

నా అక్కని పంపించు. ఇంకేమీ రాయకు.

శ్రీరామ్మూర్తి.


విశాఖపట్నం,
20 జులై 1980.

శ్రీరామ్మూర్తికి,

నీ మాట ప్రకారమే కానిద్దాం.

అయితే పోస్టులో పంపడానికి మీ అక్క పార్సెల్ కాదు. మన కుండమార్పులో పద్ధతి నీకు తెలుసు. పెళ్ళిళ్ళు ఒకే పందిట్లో అయ్యాయి, తెగదెంపులు కూడా ఒకే గుమ్మంలో జరగాలి. ఆడపిల్ల తోడబుట్టినవాడు స్వయంగా వచ్చి, పెద్దల ఎదట చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. పెందుర్తిలో ఉన్న మీ పెదనాన్న గవర్రాజు గారికి కబురు చేశాను, వస్తామన్నారు. కాశమ్మ పెట్టె సర్దుకుంటోంది.

సెలవు పెట్టి రా. మగాడివైతే రా.

వరహాలు.


విశాఖపట్నం,
6 జనవరి 1981.

బావా,

రాజీనామా ఇచ్చి లెక్క తేల్చుకుని రావడానికి వారం చాలన్నావు, మూడు వారాలైంది. మీ అక్క రోజూ వీధిలోకి తొంగి చూస్తోంది. ఉత్తరం ముక్కైనా రాయవేం?

నువ్వు ఆగస్టులో దిగిన తీరు ఇంకా వీధిలో చెప్పుకుంటూనే ఉన్నారు. కళ్ళెర్రజేసుకుని 'నా అక్క ఏదీ' అని గుమ్మంలో నిలబడ్డావు. పెట్టె లేదు, మూట లేదు, అదంతా నిన్ను రప్పించడానికి మేం వేసిన ఎత్తు. కాశమ్మ నీ చెయ్యి పట్టుకుంది, ఇటునుంచి నేను, అటునుంచి గవర్రాజు గారు. "నన్ను తీసుకెల్తానన్నావు కదరా, ముందు నాతో ఆసుపత్రికి రా" అంది మీ అక్క. మొదటి పదిహేను రోజులూ నువ్వు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. తరవాత తిట్లు తగ్గాయి. దసరాల నాటికి నువ్వే జిలానీ బాషా గారింటికి వెళ్ళి నిసార్ చేతులు పట్టుకున్నావు. కాళ్ళ తిమ్మిరి పూర్తిగా పోవడానికి ఏడాది పట్టవచ్చన్నారు డాక్టరు గారు. ఆ మందులు అక్కడ మానకు.

అసలు సంగతి ఇది. తాయారు నీకో మాట చెప్పమంది. ఎదురుగా ఉన్నప్పుడు అడగలేకపోయిందిట. దాని నోటి మాటే రాస్తున్నాను. "ఆ గేసు మనిసికి నేని బుద్ది పుట్టించిందా, ఉన్నదాన్నే పెంచిందా? సేపల పులుసు కాడ మా అన్నియ్య మీద కుళ్ళుకున్నప్పటికి ఈయన గేసు కాతాకి ఎల్లనేదు. ఏది గేసు, ఏది ఈయన? అది సెప్పమను. సెప్పినంతవరకూ నాను కాపరానికి రాను."

నేను సర్దిచెప్పబోయాను. "నువ్వు మాటాడకు, ఏ గేసూ నేకుండానే నీకు బోల్డంత ఉంది" అంది. అబద్ధం కాదు కదా. నీ ఉద్యోగం చూసి ఏడవకపోయి ఉంటే నేను చెప్పిన మాట నువ్వు ఒక్కసారైనా నమ్మేవాడివేమో. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా క్రేను ఆపి గూట్లోంచి కిందికి దిగిపోతున్నాను.

డాక్టరు చీటీతో ఇది తేలేలా లేదు బావా. నువ్వే చెప్పుకోవాలి.

వరహాలు.


రేయాన్ కాలనీ,
17 జనవరి 1981.

బావా,

ఆలస్యానికి కారణం ఎల్లాజీ. వాణ్ణి పిచ్చాసుపత్రిలో వేశారు. భార్య, పిల్లలు క్వార్టర్సు ఖాళీ చెయ్యాల్సి వస్తే దగ్గరుండి సామాను కట్టించి రైలెక్కించాను. వాళ్ళని చూశాక నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

తాయారుకి ఇలా చెప్పు. గ్యాసు ఎంతో, నేను ఎంతో నాకు తెలియదు. రెండూ నారింజరంగు కోరులా కలిసిపోయాయి. విడదీసి చూపించలేను. నిసార్ మీద నేను కట్టిన కథలు గ్యాసు కట్టించి ఉండవచ్చు. కానీ నేను లేనిచోట అది నవ్వుతుందంటే నాకు కష్టంగా ఉండేది, ఆ బుద్ధి పెళ్ళినాటినుంచీ ఉంది. పులుసు సంగతి కూడా నిజమే. అబద్ధం చెప్పి కాపురానికి పిలవను. వచ్చి మీ అరుగు మీద పడుకుంటాను. పాతూరుకి వెళ్తుంది, వస్తుంది, ఎవరితో మాట్లాడిందని అడగకుండా ఎన్నాళ్ళు ఉండగలనో అదే చూస్తుంది. ఎప్పుడు లోపలికి పిలవాలో, అసలు పిలవాలో వద్దో దాని ఇష్టం. పిలవకపోయినా మా అక్క మాట ఎత్తను. కుండమార్పు లెక్క మనిద్దరి మధ్య ఇక లేదు.

నీ ఉత్తరాల మాట. నువ్వు కుళ్ళుకున్నది దాచకుండా రాసినవాడివి. దాచి ఉంటే నేను నిన్ను నమ్మేవాణ్ణేమో, నిజమే. ఇప్పుడు మాత్రం అందుకే నమ్ముతున్నాను.

నిన్న లెక్క చేతికొచ్చింది. వస్తూ వస్తూ పీపాల ఖాతా వైపు వెళ్ళాను. నా పీపా దగ్గర కొత్తవాణ్ణి వేశారు. విజయనగరం దగ్గర ఏదో ఊరు. కొత్తగా పెళ్ళైందిట, భార్య పుట్టింట్లో ఉందిట. మంచి ఒళ్ళున్న మనిషి. టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి అన్నీ చెప్పాను. ఒళ్ళు చిక్కిపోవడం, దీపాల చక్రాలు, అనుమానాలు. నా కాళ్ళు చూపించాను. ఎల్లాజీ సంగతి చెప్పాను. ఏదీ దాచలేదు.

శ్రద్ధగానే విన్నాడు. గ్లాసు కింద పెట్టి నవ్వి, "నీ కాతా నాకు ఇచ్చీసేరని కుళ్ళేటి బావా నీకు?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. తోడబుట్టినవాళ్ళు, బావమరుదులు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. బావమరిది ఉన్నాడట. ఉత్తరం రాద్దామని అడ్రసు అడిగితే ఇవ్వలేదు.

శ్రీరామ్మూర్తి.